ఆధార్ ఈ-సైన్, యూఎస్‌బీ టోకెన్, క్లిక్ సంతకం: గొడవ వస్తే ఏది నిలబడుతుంది?

ముందే తేల్చి చెప్పేస్తే చదివేవాళ్లకు తేలిక. ఇద్దరు వ్యక్తుల మధ్య గానీ, వ్యక్తికీ సంస్థకీ మధ్య గానీ రాసుకునే మామూలు అగ్రిమెంట్లకు ఆధార్ ఈ-సైన్ (ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్లో పెట్టే సంతకం) తీసుకోండి. కంపెనీ ఫైలింగులు, ప్రభుత్వ టెండర్లు, రోజూ కట్టలకొద్దీ పత్రాల మీద సంతకం పెట్టే అధికారులు ఉన్న చోట యూఎస్‌బీ టోకెన్, అంటే డిజిటల్ సంతకం కీని తన లోపలే దాచుకునే పెన్‌డ్రైవు లాంటి పరికరం. పేరు టైపు చేయడం, వేలితో గీయడం, మెయిల్లో వచ్చిన లింకు నొక్కి 'అంగీకరిస్తున్నాను' అనడం లాంటి క్లిక్ సంతకాలు మాత్రం ఎదుటివాళ్లు మాట తప్పినా తట్టుకోగలిగిన వ్యవహారాలకే. వీలునామాకు ఈ మూడింట్లో ఏదీ పనికిరాదు.

'చెల్లుతుందా, చెల్లదా' అని అందరూ అడుగుతారు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకోటి ఉంది. 'ఈ సంతకం నాది కాదు' అని రేపు ఎదుటి పక్షం కోర్టులో అడ్డం తిరిగితే, రుజువు చేసే బరువు ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడు రకాల సేవల మధ్య అసలు తేడా అక్కడే ఉంది. పత్రం మీద సంతకం ఎంత అందంగా కనిపిస్తోంది, పక్కన ఆకుపచ్చ టిక్కు ఉందా లేదా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

చట్టం ఏమంటోందో చూద్దాం. ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చినప్పుడు సెక్షన్ 3 కింద ఒక్క డిజిటల్ సిగ్నేచర్‌నే గుర్తించింది. పత్రం మొత్తాన్ని ఒక చిన్న హాష్‌గా (ఆ పత్రానికి వేలిముద్ర లాంటి సంఖ్యగా) మార్చి, దాన్ని సంతకందారు దగ్గరే రహస్యంగా ఉండే ప్రైవేటు కీతో ముడివేసి, అందరికీ అందుబాటులో ఉండే పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూసుకునే పద్ధతి అది. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలయింది. దాంతో సెక్షన్ 3ఏ వచ్చి, కేంద్రం రెండో షెడ్యూల్లో చేర్చిన ఇతర పద్ధతులకు కూడా చోటు దొరికింది. 2015 జనవరిలో ఆ షెడ్యూల్లోకి ఆధార్ ఈకేవైసీ (ఆధార్ వివరాలతో ఆన్‌లైన్లో మనిషిని గుర్తించడం) ఆధారంగా చేసే ఈ-సైన్ చేరింది. ఫలానా పత్రానికి సంతకం ఉండి తీరాలని ఏ చట్టమైనా చెబితే, 'నిర్దేశించిన పద్ధతిలో' పెట్టిన ఎలక్ట్రానిక్ సంతకం సరిపోతుందని సెక్షన్ 5 చెబుతుంది. టోకెన్, ఈ-సైన్ ఆ నిర్దేశించిన పద్ధతుల్లోకి వస్తాయి. క్లిక్ సంతకం రాదు.

అలాగని క్లిక్ సంతకం చిత్తుకాగితమేం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చాలా ఒప్పందాలకు సంతకమే అడగదు. ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు ఒప్పుకోవాలి, ప్రతిఫలం ఉండాలి. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ స్పష్టంగా చెప్పింది. ఈమెయిళ్లలో కుదిరిన ఒప్పందం కట్టుబాటేనని 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి క్లిక్ సంతకంతో ఒప్పందం పుడుతుంది. కానీ ఆ క్లిక్ చేసింది ఫలానా మనిషేనని మీరే చూపించుకోవాలి.

ఆధార్ ఈ-సైన్

పనితీరు పరంగా ఇది చాలా శుభ్రంగా కట్టిన సేవ. మీరు వాడే యాప్ లేదా వెబ్‌సైటు పీడీఎఫ్ హాష్‌ను లెక్కించి ఈ-సైన్ ప్రొవైడరుకు పంపుతుంది. ప్రొవైడరు పేజీలో మీరు ఆధార్ నంబరు గానీ 16 అంకెల వర్చువల్ ఐడీ గానీ కొట్టి, సమ్మతి గడిలో టిక్కు పెట్టి, ఓటీపీ ఇస్తారు. వేలిముద్ర, కనుపాప యంత్రాలతో చేసే పద్ధతి కూడా ఉంది. గుర్తింపు సరిపోయిన వెంటనే ప్రొవైడరు దగ్గరున్న హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్లో ఆ ఒక్క సంతకం కోసమే కొత్త కీల జత పుడుతుంది. మీ పేరు మీద 30 నిమిషాలు మాత్రమే చెల్లే సర్టిఫికెట్ (ఆ కీ మీదేనని ధ్రువీకరించే డిజిటల్ పత్రం) తయారవుతుంది, హాష్ మీద సంతకం పడుతుంది, ప్రైవేటు కీని అక్కడికక్కడే చెరిపేస్తారు. సర్టిఫికెట్ 30 నిమిషాల్లో ముగిసిపోయిందని కంగారు పడేవాళ్లున్నారు. చూడాల్సింది సంతకం పెట్టిన క్షణానికి అది చెల్లుబాటులో ఉందా లేదా అని. దొంగిలించడానికి తర్వాత కీ అంటూ ఏదీ మిగలకపోవడం ఈ పద్ధతికున్న పెద్ద బలం.

ఇంకో మంచి విషయం: ప్రొవైడరుకు వెళ్లేది హాష్ ఒక్కటే, పత్రం కాదు. పత్రం మాత్రం మధ్యలో ఉన్న యాప్ సంస్థ దగ్గర ఉంటుంది. గోప్యత గురించి అడగాల్సిన ప్రశ్నలు ఆ యాప్ సంస్థనే అడగండి.

ఇక ఇబ్బందులు. ఓటీపీ ఆధార్‌తో ముడిపడిన మొబైల్‌కే వస్తుంది. సంతకాల రోజున సగం పనులు ఆగేది ఇక్కడే, ముఖ్యంగా పెద్దవాళ్ల విషయంలో. పాత నంబరు ఎప్పుడో మూలపడి ఉంటుంది, ఆధార్‌లో మాత్రం అదే కొనసాగుతుంటుంది. విదేశంలో ఉన్నవాళ్లయితే ఆధార్‌కిచ్చిన ఇండియా నంబరును రోమింగులో బతికించుకోవాలి. ఏ నంబరు ముడిపడి ఉందో ఆధార్ జారీ చేసే ఉడాయ్ సైటులో ముందే సరిచూసుకుంటే ఆ పూట వృథా కాదు. రెండోది పేరు. సర్టిఫికెట్లో ఆధార్‌లో ఉన్న పేరే పడుతుంది. అగ్రిమెంటులో ఇంటిపేరు పూర్తిగా రాసి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే, ఆ తేడాను పట్టుకుని లాగే లాయరు దొరక్కపోడు. అగ్రిమెంటులోనే 'ఆధార్‌లో ఫలానా పేరుతో నమోదైన' అని ఒక్క ముక్క రాసుకుంటే ఆ తగువుకు తావుండదు.

మూడోది చాలామంది గమనించరు. ఈ-సైన్ ఒక మనిషిని గుర్తిస్తుంది. ఆ మనిషికి కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉందో లేదో చెప్పదు. సంస్థ తరఫున ఎవరైనా ఈ-సైన్ చేస్తుంటే బోర్డు తీర్మానం గానీ అధికార పత్రం గానీ అగ్రిమెంటుకు జతచేయించుకోండి, అదీ సంతకం పడకముందే అదే పీడీఎఫ్‌లో.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన చోటు మరొకటి. 'ఆధార్ ఓటీపీతో సంతకం' అని చెప్పే ప్రతి సేవా ఈ-సైన్ కాదు. కొన్ని చోట్ల ఓటీపీతో గుర్తింపు మాత్రమే సరిచూసి, పత్రం మీద ఒక బొమ్మ అతికించి ఇచ్చేస్తారు. అక్కడ మీ పేరు మీద ఏ సర్టిఫికెట్టూ పుట్టదు. చట్టం కంట్లో అది క్లిక్ సంతకమే. తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. వచ్చిన పీడీఎఫ్‌ను అడోబీ రీడర్లో తెరిచి, సంతకం మీద నొక్కి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లోకి, అక్కడి నుంచి సంతకందారు సర్టిఫికెట్‌లోకి వెళ్లండి. అందులో మీ పేరు, రాష్ట్రం, పిన్‌కోడు ఉండాలి. జారీ చేసినవాళ్లుగా కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ (సీసీఏ, సర్టిఫికెట్లిచ్చే సంస్థలకు లైసెన్సిచ్చే ప్రభుత్వ అధికారి) లైసెన్సు ఉన్న సంస్థ, అంటే సర్టిఫయింగ్ అథారిటీ పేరుండాలి. గొలుసు కొసన 'సీసీఏ ఇండియా' అన్న రూట్ (మిగతా వాటన్నిటికీ మూలమైన సర్టిఫికెట్) కనిపించాలి. సంతకం మీద నొక్కితే ఏమీ తెరుచుకోకపోతే అది ఉత్త బొమ్మ. తెరుచుకుని మీ పేరుకు బదులు యాప్ కంపెనీ పేరు కనిపిస్తే, అది కంపెనీ తన పత్రానికి వేసుకున్న సీలు. ఆ తర్వాత ఎవరూ మార్చలేదని చెప్పడానికే అది ఉపయోగపడుతుంది, మీరు సంతకం పెట్టారని చెప్పడానికి కాదు.

ఆధార్ వాడటం ఇష్టంలేనివాళ్లకు సర్టిఫయింగ్ అథారిటీ దగ్గర పాన్, వీడియో వెరిఫికేషన్‌తో ఈకేవైసీ ఖాతా తెరిచి, పిన్, ఓటీపీలతో ఈ-సైన్ చేసే దారి ఉంది. మొదటిసారి ఖాతాకు కొంత సమయం పడుతుంది కానీ చట్టపరంగా అదీ నిర్దేశించిన పద్ధతే.

యూఎస్‌బీ టోకెన్

న్యాయపరమైన బలంలో దీన్ని మించింది లేదు. 2004 నాటి సెక్యూరిటీ ప్రొసీజర్ రూల్స్ దీన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు. కీల జత స్మార్ట్‌కార్డులోనో హార్డ్‌వేర్ టోకెన్లోనో పుట్టాలి, ప్రైవేటు కీ దాన్ని దాటి బయటికి రాకూడదు, హాష్ మాత్రమే లోపలికి వెళ్లి సంతకంతో తిరిగి రావాలి, టోకెన్ పూర్తిగా సంతకందారు అదుపులోనే ఉండాలి. ఇవన్నీ కుదిరితే అది 'సెక్యూర్' సంతకం. అప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 86 కింద, అది ఆ సంతకందారే ఒప్పుకునే ఉద్దేశంతో పెట్టాడని కోర్టు ముందే భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన పని అవతలివాళ్లది. ఆ చట్టం 2024 జులై 1న అమల్లోకి రాకముందు ఇదే నియమం పాత ఎవిడెన్స్ చట్టం సెక్షన్ 85బిలో ఉండేది. సెక్యూర్ కాని ఎలక్ట్రానిక్ సంతకానికి ఈ వెసులుబాటు లేదు; అది ఫలానావారిదేనని సాక్ష్య అధినియం సెక్షన్ 66 కింద రుజువు చేయాలి.

ఈ-సైన్ సంగతేమిటంటే, అది ఐటీ చట్టం సెక్షన్ 15లో చెప్పిన 'సంతకం పెట్టే క్షణంలో సంతకందారు ఒక్కరి అదుపులోనే' అన్న షరతును ఓటీపీ, సమ్మతి లాగ్‌లు చూపించి వాదించుకోవాలి. అందుకే చట్టం కోణంలో టోకెన్‌ది కాస్త పైచేయి. అగ్రిమెంట్ల వరకూ అయితే సాక్ష్య అధినియం సెక్షన్ 85 ఉంది: పక్షాల ఎలక్ట్రానిక్ లేదా డిజిటల్ సంతకాలున్న ఎలక్ట్రానిక్ ఒప్పందం అలాగే కుదిరిందని కోర్టు భావిస్తుంది. మామూలు ఒప్పందాలకు ఈ-సైన్ చాలునని చెప్పడానికి ఇదొక కారణం.

ఇప్పుడు కొత్తగా టోకెన్ తీసుకునేవాళ్లు క్లాస్ 3 రకం సర్టిఫికెట్ తీసుకోవాలి. క్లాస్ 2 జారీ 2021 జనవరి 1 నుంచి ఆగిపోయింది. గడువు గరిష్ఠంగా మూడేళ్లు. పాన్, ఆధార్ లాంటి గుర్తింపు, మొబైల్, మెయిల్ సరిచూడటం, ఒక చిన్న వీడియో వెరిఫికేషన్ ఉంటాయి. వీడియోలో దరఖాస్తుదారే స్వయంగా కనిపించాలి. సంతకం సర్టిఫికెట్, ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ రెండూ వేరు. టెండర్లలో బిడ్ వేసేవాళ్లకు చాలా పోర్టళ్లలో రెండూ కావాలి. ఉత్తి ఫైలింగులకు సంతకం సర్టిఫికెట్ ఒక్కటి చాలు. ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ గడువు ముగిసినా దాని టోకెన్ పారేయకండి. ఆ కీతో మూసిన పాత ఫైళ్లు ఇంకే కీతోనూ తెరుచుకోవు.

రోజువారీ వాడకంలో విసిగించేదీ ఈ టోకెనే. టోకెన్ డ్రైవరు, దాని మీద పోర్టల్ అడిగే సైనింగ్ యుటిలిటీ, దానికి బ్రౌజరు అనుమతులు అన్నీ కుదిరితేనే పని. 'సర్టిఫికెట్ దొరకలేదు' అని వస్తే ఈ వరసలో చూడండి. ముందు టోకెన్ సొంత మేనేజర్ సాఫ్ట్‌వేర్ తెరిచి లోపల సర్టిఫికెట్ కనిపిస్తుందో లేదో చూడాలి. కనిపించకపోతే తప్పు డ్రైవరుది లేదా యూఎస్‌బీ పోర్టుది. కనిపిస్తే యుటిలిటీని మూసి, అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ నడపాలి. రెండు టోకెన్లు ఒకేసారి గుచ్చి ఉంటే ఒకటి తీసేయాలి. అయినా రాకపోతే కొత్త సర్టిఫికెట్‌ను ఆ పోర్టల్లో రిజిస్టర్ చేశారా అన్నది చూడండి. రెన్యువల్ తర్వాత ఇది మరిచిపోవడం చాలా మామూలు. పిన్ తప్పుగా వరసగా కొడితే టోకెన్ లాక్ అయిపోతుంది. అడ్మిన్ పిన్ లేకపోతే ఫార్మాట్ చేయడం తప్ప దారి ఉండదు; ఫార్మాట్ చేస్తే కీ పోతుంది, సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాలి. వేరే టోకెన్లోకి కాపీ చేసుకుందాం అంటే కుదరదు. అలా కుదరకపోవడమే దాని భద్రత.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. డైరెక్టర్ల టోకెన్లన్నీ ఆడిటర్ ఆఫీసులో ఒక డబ్బాలో, ఒక్కోదాని మీద పిన్ రాసిన చీటీతో పడి ఉండటం మన దగ్గర మామూలైపోయింది. ఇది చేతులారా తెచ్చుకునే ప్రమాదం. ప్రైవేటు కీని జాగ్రత్తగా కాపాడుకోవాల్సిన బాధ్యత సంతకందారుదేనని ఐటీ చట్టం సెక్షన్ 42 చెబుతుంది. కీ చేజారిందని సర్టిఫయింగ్ అథారిటీకి తెలియజేసేదాకా జరిగిన దానికి బాధ్యత సంతకందారు మీదే ఉంటుంది. 'నాకు తెలియకుండా వాడారు' అని వాదించాలంటే టోకెన్నీ పిన్నునూ మీరే ఇచ్చారన్న నిజం ఎదురొస్తుంది. ఇంకోవైపు నుంచి చూస్తే, టోకెన్ సంతకందారు ఒక్కరి అదుపులో లేదని తేలితే 2004 రూల్స్ షరతు తప్పి, 'సెక్యూర్' అన్న హోదా కూడా ప్రశ్నలో పడుతుంది. అంటే రెండు వైపులా నష్టమే. ఆడిటర్‌కు నమ్మకంగా పని అప్పగించండి, టోకెన్ మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి. ఫైలింగ్ రోజున మీరే పిన్ కొట్టండి. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడినవాళ్లకు ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

క్లిక్ సంతకం

డాక్యుసైన్, అడోబీ సైన్, జోహో సైన్ లాంటి వేదికల్లో ఇంకేమీ ఎంచుకోకుండా మామూలుగా పంపితే పడేది ఇలాంటి సంతకమే. కొన్ని వేదికలు ఆధార్ ఈ-సైన్‌నూ కలిపి ఇస్తాయి. పంపేటప్పుడు దాన్ని విడిగా ఎంచుకోవాలి, లేకపోతే మామూలు క్లిక్‌గానే వెళ్తుంది. వాడటంలో దీనంత సుఖం ఇంకోటి లేదు. ఆఫర్ లెటరు, ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం), కొటేషన్ ఒప్పుకోవడం, లోపలి ఆమోదాలు లాంటి వాటికి ఇది చాలు.

దీని బలమంతా ఆడిట్ ట్రయల్లో ఉంది. ఎవరి మెయిల్‌కు లింకు వెళ్లింది, ఏ ఐపీ అడ్రసు నుంచి, ఏ సమయానికి తెరిచారు, ఎప్పుడు నొక్కారు, పత్రం హాష్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. సంతకం పూర్తయిన రోజే ఆ ట్రయల్‌ను పత్రంతో పాటు దించుకుని దాచుకోండి. సబ్‌స్క్రిప్షన్ ఆగాక వెతుక్కునే పరిస్థితి రాకూడదు. మెయిల్ లింకుతో పాటు మొబైల్ ఓటీపీ కూడా పెట్టే సౌకర్యం ఉంటే పెట్టండి. ఆఫీసు ఉమ్మడి మెయిల్‌కు, అంటే ఇన్ఫో, అకౌంట్స్ లాంటి పేర్లున్న వాటికి లింకు పంపితే ఆడిట్ ట్రయల్ మొత్తం ఉన్నా మనిషెవరో తేలదు. సంతకం తర్వాత జరిగిన నడవడిక కూడా సాక్ష్యమే. అడ్వాన్సు చెల్లించడం, సరుకు తీసుకోవడం, 'అగ్రిమెంటు ప్రకారం' అంటూ రాసిన మెయిల్ లాంటివి క్లిక్ సంతకానికి వెన్నుదన్నుగా నిలుస్తాయి.

సంతకం బొమ్మను స్కాన్ చేసి వర్డ్ ఫైల్లో అతికించడం కూడా ఈ కోవలోకే వస్తుంది, ఆడిట్ ట్రయల్ కూడా లేకుండా. దాన్ని ఎవరైనా కత్తిరించి ఇంకో పత్రంలో అతికించుకోవచ్చు. డబ్బుతో ముడిపడిన దేనికీ వాడొద్దు.

చేతికొచ్చిన పీడీఎఫ్‌లో ప్రశ్నార్థకం

సరైన సంతకమే పడినా చాలా కంప్యూటర్లలో అడోబీ రీడర్ పసుపు ప్రశ్నార్థకంతో 'వాలిడిటీ అన్‌నోన్' అంటుంది. దాన్ని చూసి పత్రం తిప్పి పంపే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. కారణం సంతకంలో లోపం కాదు, ఆ కంప్యూటర్‌లోని రీడర్ సీసీఏ ఇండియా రూట్‌ను నమ్మకమైన జాబితాలో పెట్టుకోలేదు, అంతే. సర్టిఫికెట్ చూపే కిటికీలో గొలుసు పైకొసన ఉన్న సీసీఏ ఇండియాను ఎంచుకుని, ట్రస్ట్ ట్యాబ్‌లో 'యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్' నొక్కి, మళ్లీ వాలిడేట్ చేస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. నొక్కేముందు ఒక పని తప్పకుండా చేయాలి: ఆ రూట్ థంబ్‌ప్రింటును (సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరసను) కంట్రోలర్ అధికారిక సైటులో ఉన్న సర్టిఫికెట్‌తో పోల్చండి. అదే పేరుతో దొంగ రూట్ తయారు చేయడం పెద్ద పని కాదు. దాన్ని నమ్మకమైన జాబితాలో చేర్చేస్తే ఆ కంప్యూటర్‌లో ప్రతి దొంగ సంతకానికీ టిక్కు పడుతుంది. కింది సర్టిఫికెట్‌ను ఒక్కదాన్ని చేర్చడం కంటే రూట్‌ను సరిచూసి చేర్చడమే మేలు. ఈ-సైన్‌లో ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి, కిందిదాన్ని చేరిస్తే తర్వాతి పత్రానికి మళ్లీ మొదటికే.

ప్రశ్నార్థకం వేరు, ఎర్ర గుర్తు వేరు. ఎర్రది వస్తే పత్రం నిజంగానే మారింది లేదా సర్టిఫికెట్ రద్దయింది. చాలాసార్లు మార్చింది మోసగాళ్లు కాదు, మనమే. సంతకం పడ్డ పీడీఎఫ్‌ను ఆన్‌లైన్ టూల్లో కుదించడం, రెండు పీడీఎఫ్‌లను కలిపి ఒకటి చేయడం, పేజీలు తిప్పి సేవ్ చేయడం లాంటివన్నీ సంతకాన్ని విరగ్గొడతాయి. 'ప్రింట్ టు పీడీఎఫ్' చేస్తే ఎర్ర గుర్తు కూడా రాదు, సంతకమే మాయమై బొమ్మ మిగులుతుంది. కాగితం మీద ప్రింటు తీస్తే అది ఉత్త నకలు. అసలు పత్రం ఎప్పటికీ ఆ ఫైలే. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, స్క్రీన్‌షాట్‌గా కాదు.

నలుగురు సంతకం పెట్టాల్సిన పత్రమైతే ఒకరి తర్వాత ఒకరు అదే ఫైలు మీద పెట్టాలి. ఎవరికి వారు వేర్వేరు కాపీల మీద పెట్టి తర్వాత కలుపుదామంటే కుదరదు. మొదటివాళ్లు 'ఇక మార్పులు వద్దు' అని లాక్ చేస్తూ సర్టిఫై చేస్తే రెండోవాళ్లకు చోటుండదు. ఆ లాక్ చివరి సంతకందారే వేయాలి. ఏళ్ల తరబడి దాచాల్సిన పత్రాలకు టైమ్‌స్టాంపుతో పాటు సర్టిఫికెట్ రద్దు సమాచారాన్ని కూడా పీడీఎఫ్‌లోనే పొదిగే ఎల్‌టీవీ సౌకర్యం ఇస్తున్నారా అని వేదికను అడగండి. టైమ్‌స్టాంపు లేకపోతే సంతకం పెట్టిన సమయం ఆ కంప్యూటర్ గడియారం చెప్పిందే అవుతుంది, ఆ గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు.

స్టాంపు మాటేమిటి?

ఎలక్ట్రానిక్‌గా సంతకం చేస్తే స్టాంపు డ్యూటీ ఉండదన్న అపోహ ఇంకా తిరుగుతోంది. ఉంటుంది. సరిగా స్టాంపు పడని పత్రాన్ని 1899 నాటి స్టాంపు చట్టం సెక్షన్ 35 కింద సాక్ష్యంగా తీసుకోరు. డ్యూటీ, దానిమీద పెనాల్టీ కట్టాకే కదులుతుంది. దేశంలో రాసుకునే పత్రానికి సంతకం ముందుగానో, సంతకం సమయానికో స్టాంపు పడాలని సెక్షన్ 17 చెబుతుంది. డిజిటల్‌లో ఈ వరస ఇంకా కచ్చితంగా పాటించాలి. ఈ-స్టాంపు పేజీని ముందే మొదటి పేజీగా కలిపి, ఆ మొత్తం పీడీఎఫ్ మీద సంతకాలు తీసుకోవాలి. సంతకాలయ్యాక స్టాంపు పేజీ చేరిస్తే హాష్ మారి సంతకాలన్నీ విరుగుతాయి. మళ్లీ అందరి వెంటా తిరగాల్సిందే. బ్యాంకు రుణాల పత్రాలకు ఈ-స్టాంపు, ఈ-సైన్ రెండూ ఒకే చోట జరిగేలా నేషనల్ ఈ-గవర్నెన్స్ సర్వీసెస్ లిమిటెడ్ నడిపే డిజిటల్ డాక్యుమెంట్ ఎగ్జిక్యూషన్ ఇప్పటికే ఉంది. ఆ వరస అక్కడ దానంతటదే సరిపోతుంది.

ఎక్కడ ఇవి పనికిరావు

ఐటీ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న పత్రాలకు ఈ చట్టమే వర్తించదు. వీలునామా, ట్రస్టు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్లు ఆ జాబితాలోవి. 2022లో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. రిజర్వు బ్యాంకు, సెబీ, ఐఆర్‌డీఏఐ, పీఎఫ్ఆర్‌డీఏ, నేషనల్ హౌసింగ్ బ్యాంకుల నియంత్రణలోని సంస్థల పేరిట రాసే డిమాండ్ ప్రామిసరీ నోట్లు, బిల్స్ ఆఫ్ ఎక్స్ఛేంజ్, ఆ సంస్థలకిచ్చే పవర్ ఆఫ్ అటార్నీలు ఆ నిషేధం నుంచి బయటపడ్డాయి. అంటే బ్యాంకుకు ఈ-సైన్‌తో ప్రోనోటు రాయొచ్చు. పక్కింటాయన దగ్గర చేబదులు తీసుకుని రాసే ప్రోనోటు మాత్రం ఇప్పటికీ కాగితం మీదే రాయాలి. మనుషుల మధ్య రాసుకునే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కూడా అంతే.

స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలను కూడా అప్పుడే ఆ జాబితా నుంచి తీసేశారు. దాంతో ఇంటి అమ్మకం ఈ-సైన్‌తో అయిపోతుందని ప్రచారం మొదలైంది. అది తప్పు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం సేల్ డీడ్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఏడాది మించిన లీజుకూ అంతే. ఈ-సైన్ ఆ అవసరాన్ని తీసేయదు. పదకొండు నెలల అద్దె అగ్రిమెంటుకు మాత్రం ఈ-స్టాంపు, ఈ-సైన్ చక్కగా సరిపోతాయి. గిఫ్ట్ డీడ్, తనఖా పత్రాల్లాగా ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ చట్టమే అడిగే చోట కాగితాన్నే నమ్ముకోండి.

విదేశీ పక్షంతో ఒప్పందమైతే ముందు ఏ దేశ చట్టం వర్తిస్తుందో అగ్రిమెంటులో తేల్చుకోండి. యూరోపియన్ యూనియన్ ఈఐడాస్ నిబంధనల కింద 'క్వాలిఫైడ్' సంతకానికే చేతి సంతకంతో సమాన హోదా ఉంది. మన క్లాస్ 3 టోకెన్‌తో పెట్టిన సంతకానికి అక్కడ ఆ హోదా దానంతటదే రాదు. అలాగే అక్కడి సర్టిఫికెట్‌ను మన కంట్రోలర్ గుర్తించనంతవరకూ అది ఇక్కడ మామూలు ఎలక్ట్రానిక్ సాక్ష్యమే.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే

ఫైలు అసలుదే అయినా దాని కాపీతో పాటు దాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి; ఇది సంతకంలో ఉండే డిజిటల్ సర్టిఫికెట్ కాదు, విడిగా రాసిచ్చే పత్రం. పాత చట్టంలో సెక్షన్ 65బి సర్టిఫికెట్ తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు అది సాక్ష్య అధినియం సెక్షన్ 63 కిందికి వచ్చింది. నమూనా కూడా చట్టం షెడ్యూల్లోనే ఉంది. పార్ట్ ఏ పక్షం నింపాలి, పార్ట్ బి నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ, ఏ పద్ధతిలో లెక్కించారో రాయాలి. అందుకే సంతకం పూర్తయిన రోజే ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ తీసి (విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో క్షణంలో వస్తుంది), దాన్ని ఒక మెయిల్లో అవతలి పక్షానికి కూడా పంపి పెట్టండి. ఏళ్ల తర్వాత ఫైలు మారిందన్న వాదన వస్తే ఆ మెయిల్ చాలా పని చేస్తుంది.

ఏదైనా సంతకాల వేదిక కొనేముందు అమ్మేవాళ్లను నమూనా పీడీఎఫ్ ఒకటి పంపమనండి, మాటలు కాదు. దాన్ని రీడర్లో తెరిచి సర్టిఫికెట్ మీద సంతకందారు పేరుందో వేదిక పేరుందో చూడండి. ఈ-సైన్ ప్రొవైడరు ఏ లైసెన్సుదారో అడిగి, కంట్రోలర్ సైటులోని జాబితాతో సరిచూడండి. సేవ మానేసిన రోజున పత్రాలు, ఆడిట్ ట్రయల్‌లు మొత్తం మూటగా ఇస్తారా, కేసు వస్తే సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు కావాల్సిన వివరాలు రాతపూర్వకంగా ఇస్తారా అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. నమూనా పీడీఎఫ్ పంపడానికి తటపటాయించే వేదికను పక్కన పెట్టేయండి.